మళ్ళీ చెప్పండి

మా పెద్దమ్మ మాటకారి. తెనాలి దగ్గర పల్లెటూరు ఆవిడది. కూరగాయల బండివాడితో బేరం మొదలుపెట్టి, వాడి కూతురి పెళ్ళిసంబంధం దాకా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు నాలుగు వంకాయలు కొసరు వేయించుకుని రాగల మనిషి. ఈ డెబ్బై ఎనిమిదేళ్ళలో ఆవిడకి మాట్లాడటం రాదని తేల్చినవాళ్ళు ఎవరూ లేరు. మొన్న ఒక యంత్రం తేల్చింది.

గ్యాస్ అయిపోయింది. ఇదివరకైతే ఫోన్ చేస్తే అవతల ఒక కుర్రాడు పలికేవాడు. ఇప్పుడు ఒక ఆడగొంతు పలుకుతోంది, రేడియోలో వార్తలు చదివినంత మర్యాదగా. "మీకు ఏ సేవ కావాలో చెప్పండి" అంది.

"బండ అయిపోయిందమ్మా" అంది పెద్దమ్మ.

"క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"బండమ్మా, బండ! పొద్దున పాలు పొంగకుండానే ఆరిపోయింది. ఇంట్లో చుట్టాలున్నారు" అని పెద్దమ్మ పూర్వాపరాలతో సహా విన్నవించింది. మళ్ళీ క్షమాపణ. మూడోసారి ఆవిడ గొంతు సవరించుకుని, బడిలో అప్పజెప్పే పిల్లలాగా "సి-లిం-డ-రు" అంది. అప్పటికి దాని ఓపిక అయిపోయింది కాబోలు, లైను తెగిపోయింది.

పెద్దమ్మ ఫోను బల్లమీద పెట్టి, "దాని తప్పేముంది నాయనా, నాకు ముందు పళ్ళు లేవుగా. మాట సరిగా తిరగదు" అంది.

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో సగం ఇళ్ళల్లో గ్యాస్ సిలిండర్ని బండ అనే అంటారు. యంత్రానికి ఆ మాట రాకపోతే తప్పు పెద్దమ్మ పళ్ళది ఎందుకయింది? ఈ ప్రశ్న పట్టుకుని, గొంతుతో నడిచే యంత్రాలతో మనుషులు ఎలా నెగ్గుకొస్తున్నారో పరిశోధకులు రాసిన పత్రాలు కొన్ని సంపాదించి చదివాను. కథలూ నవలలూ సమీక్షించే చోట పరిశోధన పత్రాలేమిటని మీరు అడగవచ్చు. వాటిలో పాత్రలున్నాయి, సంభాషణలున్నాయి, అపార్థాలున్నాయి. మన నవలల్లో చాలావాటికంటే సంభాషణలు సహజంగా కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఈ పరిశోధనలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి లెక్క కట్టేది - నూరు మాటలు చెబితే యంత్రం ఎన్ని తప్పుగా విన్నది అని. రెండోది మనుషుల దగ్గర కూచుని వాళ్ళ అనుభవం వినేది. దీన్ని గుణాత్మక పరిశోధన అంటారు. పేరు బరువుగా ఉంది గానీ పని మన అమ్మలక్కలు అరుగులమీద చేసేదే: ఎవరింట్లో ఏం జరిగింది, ఎవరేమన్నారు, ఎందుకన్నారు. తేడా ఏమిటంటే పరిశోధకులు అడిగి, ఒప్పించి, పేర్లు మార్చి రాస్తారు. అరుగులమీద ఆ పట్టింపు లేదు.

ఈ రెండో రకంలో పేరుపడ్డది 2016లో ఎవా లూగర్, అబిగెయిల్ సెల్లెన్ రాసిన పత్రం. ఫోన్లలో వాయిస్ అసిస్టెంట్లని వాడుతున్న 14 మందిని కూచోబెట్టి అడిగి రాశారు. పత్రం పేరులోనే తీర్పు ఉంది - బొత్తిగా చేతకాని పి.ఏ.ని పెట్టుకున్నట్టుందని. యంత్రం మనిషిలా మాట్లాడుతోంది కదా అని మనిషికుండే తెలివి కూడా ఉంటుందని జనం అనుకుంటారు. చలోక్తులు విసిరి చూస్తారు, అది తిరిగి చలోక్తి విసిరితే సంబరపడతారు. తీరా అసలు పని చెబితే అది తెల్లమొహం వేస్తుంది. దాంతో మెల్లిగా తగ్గి తగ్గి, అలారం పెట్టటం, వానొస్తుందా అని అడగటం లాంటి పనుల దగ్గర ఆగిపోతారు. యంత్రం లోపల ఏముందో కాస్త తెలిసినవాళ్ళు ఓపిగ్గా భరిస్తారు. తెలియనివాళ్ళు విసుగెత్తి వదిలేస్తారు. ఆశకీ అనుభవానికీ మధ్య అగాధం ఉందని పత్రం సారాంశం.

మంచి పత్రమే. చదువుతుంటే మన ఇంట్లోవాళ్ళే కనిపిస్తారు. కానీ నాకొక పేచీ ఉంది. ఇది అడిగి రాసింది. అడిగితే మనుషులు ఏం చెబుతారు?

పెళ్ళిభోజనం చేసి చేతులు కడుక్కుంటున్న మనిషిని ఆడపెళ్ళివారు "భోజనాలు ఎలా ఉన్నాయండీ?" అని అడిగితే "దివ్యంగా ఉన్నాయి" అంటాడు. అది అబద్ధమని అనలేం. మర్యాద. నిజం కావాలంటే విస్తరి చూడాలి. గారె సగం కొరికి వదిలాడా, పులిహోర కదిలించాడా, పెరుగన్నం రెండోసారి వడ్డించుకున్నాడా - అంతా అక్కడుంటుంది.

ఈ సంగతి రుజువు కావటానికి పెళ్ళిళ్ళదాకా వెళ్ళనక్కర్లేదు. 2012లో నీల్ పటేల్, ఆయన సహచరులు గుజరాత్ రైతుల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఫోనులో రైతులకి సేద్యం సలహాలు వినిపించారు. కొన్నిటికి శాస్త్రవేత్త గొంతు, కొన్నిటికి తోటి రైతు గొంతు. ఎవరి మాట మీద గురి అని అడిగితే శాస్త్రవేత్త మాటే అన్నారు. మరి సలహా విన్న తర్వాత, ఇంకా వివరం కావాలని ఎక్కువగా ముందుకు కదిలింది ఏ గొంతు విన్నప్పుడయ్యా అంటే, తోటి రైతుది విన్నప్పుడు! నోరు ఒకటి చెప్పింది, విస్తరి ఇంకొకటి చెప్పింది. అడగటంతో ఊరుకుని ఉంటే పరిశోధకులు తప్పు పాఠం నేర్చుకుని ఇంటికి వెళ్ళేవారు.

అందుకే నాకు 2018లో వచ్చిన పత్రం అన్నిటికంటే నచ్చింది. మార్టిన్ పోర్చెరాన్, మరి ముగ్గురు కలిసి రాసినది. అయిదు ఇళ్ళల్లో అమెజాన్ ఎకో యంత్రం పెట్టి, ఒక్కో ఇంట్లో నెల రోజులు ఉంచారు. పక్కన ఒక రికార్డరు. ఎవరైనా యంత్రాన్ని పేరుపెట్టి పిలవగానే, దానికి ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం మాటల్ని అది దాచిపెడుతుంది. అలా దొరికిన ఆరు గంటల పైచిలుకు మాటల్ని వీళ్ళు అక్షరం అక్షరం రాసుకున్నారు. ఎవరినీ "మీకెలా అనిపించింది" అని అడిగి కూచోకుండా, విస్తళ్ళు లెక్కపెట్టారన్నమాట.

వాళ్ళు రాసే పద్ధతి చూస్తే నాటక రచయితలకి ముచ్చటేస్తుంది. ఎక్కడ ఎంత సేపు ఆగారో సెకనులో పదోవంతు వరకూ రాస్తారు. ఎక్కడ ఇద్దరి మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయో గీత గీసి చూపిస్తారు. ఈ లిపిని తయారుచేసినావిడ గెయిల్ జెఫర్సన్. హార్వీ శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్‌లతో కలిసి 1974లో ఆవిడ ప్రకటించిన వ్యాసం, మనుషులు వంతులవారీగా ఎలా మాట్లాడతారో చెప్పే శాస్త్రానికి పునాది.

ఈ శాక్స్ సంగతి ఒకటి చెప్పి తీరాలి. 1960ల్లో ఆయన లాస్ ఏంజిలిస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చే ఫోన్లని పరిశీలించాడు. అక్కడి ఉద్యోగి ముందు తన పేరు చెప్పుకుంటే అవతలివాళ్ళూ సాధారణంగా తమ పేరు చెప్పేవారు. ఒకాయన మాత్రం "మీ మాట వినిపించటం లేదు" అన్నాడు. ఉద్యోగి తన పేరే మళ్ళీ చెప్పాడు. ఈ గొడవలో ఆయన తన పేరు చెప్పుకోవలసిన వంతు దాటిపోయింది. వినిపించకపోవటం చెవికి సంబంధించిన విషయమని మనం అనుకుంటాం. అది పేరు చెప్పకుండా తప్పించుకునే దారి కూడా కావచ్చునని శాక్స్ పట్టుకున్నాడు. మన తాతలు అప్పు అడిగినవాడి దగ్గర చెవుడు తెచ్చుకునేవారు కదా, అదే శాస్త్రం. మాట అంటే అందులో ఉన్న అక్షరాలే కాదు, ఆ మాటతో మనిషి చేస్తున్న పని కూడా.

ఈ దృష్టితో ఆ అయిదు ఇళ్ళల్లోకి తొంగిచూస్తే ఏం కనిపించింది? కుటుంబం బల్ల చుట్టూ చేరి భోజనం చేస్తుంటుంది. ఒకరు యంత్రాన్ని పిలిచి ఆట పెట్టమంటారు. అది వినదు. మళ్ళీ పిలుస్తారు. ఇంకొకరు అందుకుని మాట మార్చి చెప్పిచూస్తారు. మరొకరికి ఇదేమీ పట్టదు, తిండి గొడవ తిండిదే. మాటలు మనుషుల మధ్య నడుస్తున్నాయి. యంత్రం ఆ మాటల మధ్యలో ఒక వస్తువులాగా ఉంది, ఉప్పుడబ్బా లాగా. అందుకే పరిశోధకులు దీన్ని సంభాషణ అనవద్దన్నారు. ఇటునుంచి ఒక కోరిక, అటునుంచి ఒక ప్రతిస్పందన, అంతే. సంభాషణ జరిగిందంటే అది ఆ ఇంటివాళ్ళ మధ్య జరిగింది. యంత్రంతో వేగటానికి కావలసిన పనంతా వాళ్ళే పంచుకుని చేశారు.

పెద్దమ్మ ఫోన్ సంగతి నాకు ఇక్కడ అర్థమయింది. మాట అర్థం కానప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఆ గ్యాస్ కుర్రాడే ఉంటే "మళ్ళీ చెప్పండి" అని ఊరుకోడు. "ఏ బండ మామ్మగారూ, గ్యాస్ బండేనా?" అంటాడు. అంటే తను విన్నంతవరకు తీసుకుని, ఊహించి, సగం బరువు తను మోస్తాడు. పెద్దమ్మ "ఆఁ" అంటే చాలు. శాక్స్ బృందం 1977లో మాట మరమ్మతు గురించి రాసిన వ్యాసంలో ఈ మెట్లన్నీ వివరించింది. ఉత్త "ఆఁ? ఏమిటి?" అనటం అన్నిటికంటే బలహీనమైన సాయం. ఎక్కడ తప్పిందో చూపటం అంతకంటే మెరుగు. "ఇదేనా మీరంటున్నది?" అని ఊహించి అడగటం అన్నిటికంటే గట్టిది. పెద్దమ్మకి తగిలిన గొంతు అన్నిటికంటే బలహీనమైనదాన్ని ఎంచుకుని, దానిమీద "క్షమించండి" అని మర్యాద అద్దింది. మర్యాద దానిది, బరువు పెద్దమ్మది. మూడుసార్లు మోసి అలిసిపోయి, చివరికి పళ్ళ మీద నెపం వేసుకుంది.

ఇంత మెచ్చుకున్న పత్రం మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆ రికార్డరు యంత్రాన్ని పిలిస్తేనే మేలుకుంటుంది. పిలవటం మానేసినవాళ్ళ మాట దానికి అందదు. నాలుగుసార్లు భంగపడి, ఇక నాకెందుకులే అని మూల కూచున్నవాళ్ళు అందులో నమోదయ్యే వీలు లేదు. ఖాళీ విస్తరి, ముట్టని విస్తరి రెండూ చూశారు గానీ, అసలు పంక్తిలో కూచోకుండా వెళ్ళిపోయిన అతిథి లెక్కలోకి రాలేదు. పరిశోధకుల్ని తప్పుపట్టటం లేదు. వాళ్ళ పద్ధతికి ఉన్న హద్దు అది. హద్దు తెలుసుకుని చదవాలి.

ఆ వెళ్ళిపోయేవాళ్ళు ఎవరు? ఇక్కడ లెక్కలవాళ్ళ సాయం కావాలి. 2020లో అలిసన్ కోనెకె బృందం అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల వ్యవస్థలని పరీక్షించింది - అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్. తెల్లవాళ్ళు మాట్లాడితే నూటికి సగటున 19 మాటలు తప్పుపోయాయి. నల్లవాళ్ళు మాట్లాడితే 35. రెండూ ఇంగ్లీషే. ఇద్దరూ పుట్టి పెరిగింది ఆ దేశంలోనే. ఇది అంకె. ఈ అంకె ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుందో మరుసటి ఏడు, 2021లో, జయాన్ మెంగెషా బృందం 30 మంది నల్లవాళ్ళ చేత డైరీలు రాయించి చూపించింది. యంత్రం వినకపోతే వాళ్ళకి కోపం వచ్చింది, చిన్నతనం అనిపించింది, ఇది మాలాంటివాళ్ళకోసం చేసింది కాదనిపించింది. అయినా పని కావాలి కదా. అందుకని గొంతు మార్చారు, యాస దాచుకున్నారు, తమది కాని పలుకు పలికారు.

ఈ రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా సలహా. అంకె లేకపోతే డైరీని "వాళ్ళ మనసుకి అలా అనిపించింది లెండి" అని కొట్టిపారేస్తారు. డైరీ లేకపోతే అంకెకి నొప్పి తెలియదు. పెద్దమ్మ సి-లిం-డ-రు అని సాగదీసినప్పుడు చేసినదీ ఇదే. తన ఇంట్లో, తన భాషలో, ఆవిడ యాస దాచుకుంది.

మన సంగతికొద్దాం. పల్లెటూళ్ళవాళ్ళకి చదువు రాదు, కాబట్టి గొంతుతో నడిచే యంత్రం పెడితే చాలునని పెద్దలు తరచు అంటుంటారు. 2009లో ఇదే నీల్ పటేల్ బృందం గుజరాత్‌లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. నోటితో మాట చెప్పి పని జరిపించుకోవటం, ఫోను మీద అంకెలు నొక్కి జరిపించుకోవటం, ఈ రెండిట్లో గ్రామస్థులకి అంకెలే బాగా కుదిరాయి. నోటిమాట కన్నా వేలిమీట నయమని తేలింది! అదే 2009లో ఐ.బి.ఎం. పరిశోధకులు మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక గ్రామంలో జరిపిన ప్రయోగం గురించి రాశారు. ఊరివాళ్ళు మామూలు ఫోనుతో ఒక నెంబరుకి డయల్ చేసి, తమకి పనికొచ్చే సమాచారం వినవచ్చు, తమ మాట తామే రికార్డు చేసి పెట్టవచ్చు. నెలల తరబడి వేలమంది వాడారు. ఈ రెండిటినీ కలిపి చూస్తే నాకు తోచింది ఇది: మా ఊళ్ళవాళ్ళకి గొంతంటే మోజే. అయితే అవతల వినేది మనిషై ఉండాలి. యంత్రం మాటని భద్రంగా మోసుకెళ్ళి ఇంకో మనిషికి అందిస్తే సంతోషం. మధ్యలో అది పరీక్షాధికారిలాగా కూచుని మార్కులు వేస్తేనే చిక్కు.

ఇప్పుడు కాలం మారింది. యంత్రాలకి తెలుగు వినటం నేర్పుతున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి అనే పథకం కూడా మొదలుపెట్టింది. సంతోషించవలసిందే. కానీ ఈ పనిలో కూడా ముందుగా వచ్చేది నూటికి ఎన్ని తప్పులన్న అంకే. ఆ అంకె తెలుగుకి అంత బాగా నప్పదు. మన మాటలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. "వెళ్ళొచ్చేశానన్నాడుగా" అన్నది రాతలో ఒకే మాట. చివరి "గా" ఒక్కటి జారిపోతే మొత్తం తప్పుకింద లెక్క, అర్థం చెడకపోయినా. అటు "బండ" అన్న మాటని యంత్రం శుభ్రంగా బండ అనే విని, రాయి అనుకున్నదనుకోండి. అంకె ప్రకారం తప్పు సున్నా. గ్యాస్ మాత్రం రాదు.

కాబట్టి లెక్కలు కట్టేవాళ్ళు కట్టుకోనీండి. ఆ అయిదు ఇళ్ళ పత్రం లాంటిది మన ఇళ్ళల్లోంచి రావాలని నా కోరిక. శ్రీకాకుళంలో ఒక ఇల్లు, కరీంనగర్‌లో ఒక ఇల్లు, కడపలో ఒకటి, బళ్ళారిలో తెలుగు మాట్లాడే ఇల్లు ఇంకొకటి. పిలిచినప్పటి మాటలే కాదు, పిలవటం మానేసిన రోజు కూడా అందులో ఉండాలి. యంత్రాన్ని ఎవరు నువ్వన్నారు, ఎవరు మీరన్నారు, ఎవరు అమ్మా అని పిలిచారు, అది వినకపోతే ఎవరిని తిట్టుకున్నారు - ఇదంతా రాయాలి. "మీకెలా అనిపించింది?" అని అడిగి, వచ్చిన జవాబుని నమ్మి రాసుకోవటం మాత్రం వద్దు.

ఎందుకు వద్దంటున్నానో చెప్పి ముగిస్తాను. ఈ పత్రాలన్నీ చదివిన మత్తులో నేనూ పరిశోధకుడినయిపోయి, కాగితం కలం పుచ్చుకుని పెద్దమ్మ దగ్గర కూచున్నాను. "పెద్దమ్మా, మొన్న ఆ ఫోనులో గొంతు ఉంది చూడు, అది ఎలా ఉంది?" అని అడిగాను.

పెద్దమ్మ చిక్కుళ్ళు ఈనె తీస్తూ తల ఎత్తకుండానే, "బాగానే మాట్లాడింది నాయనా. పాపం, మంచి పిల్ల" అంది.

కాగితం మీద 'తృప్తి' అని రాసుకోవలసిందే కదా. ఆ పక్కనే గోడ మీద, క్యాలెండరు అంచున, కొత్తగా పెన్సిలుతో ఒక నెంబరు రాసి ఉంది. బండ మోసుకొచ్చే కుర్రాడి సొంత సెల్‌ఫోన్ నెంబరు. ఆవిడ మళ్ళీ ఆ గొంతుకి ఫోన్ చెయ్యలేదు.